ఉచిత పొడిగింపు వచ్చినా ఇఖామా ఎందుకు పోయింది? గల్ఫ్ వీసా గడువులపై కరోనా నేర్పిన లెక్క

2021 మే 24న సౌదీ రాజు సల్మాన్ ఆదేశం ఒకటి వెలువడింది. విమానాలు ఆగిపోయి సొంత దేశాల్లో చిక్కుకుపోయిన ప్రవాసుల ఇఖామా, ఎగ్జిట్ రీఎంట్రీ, విజిట్ వీసాల గడువును ఎలాంటి రుసుము లేకుండా పొడిగిస్తున్నామని అందులో ఉంది. నిజామాబాద్, జగిత్యాల, కడప, రాయచోటి, హైదరాబాద్ పాతబస్తీ... గల్ఫ్ జీతం మీద నడిచే ఇళ్లన్నీ ఆ వార్తతో ఊపిరి పీల్చుకున్నాయి. "అల్‌హమ్దులిల్లాహ్, ఇక మనోడి అకామాకు ఢోకా లేదు" అనుకున్నారు.

కానీ ఆ తర్వాత కూడా చాలామంది తిరిగి వెళ్లలేకపోయారు. పొడిగింపు వచ్చింది కదా, మరి మా వాడి ఉద్యోగం ఎలా పోయింది అని ఇప్పటికీ అర్థం కాని కుటుంబాలు ఉన్నాయి. దీనికి జవాబు ఒక్క మాటలో చెప్పాలంటే, ప్రభుత్వం పొడిగించింది తేదీని మాత్రమే. ఆ తేదీ వెనక ఉన్న ఉద్యోగం కఫీల్ చేతిలో ఉంది, పాస్‌పోర్టు మన చేతిలో ఉంది, విమానం మరో దేశం చేతిలో ఉంది. వీటిలో ఏ ఒక్కటి తెగినా పొడిగించిన తేదీ పనికిరాదు.

కరోనా పోయింది, ఇప్పుడు ఈ గొడవ ఎందుకు అనుకోకండి. 2025 జూన్‌లో ఇరాన్, ఇజ్రాయెల్ మధ్య యుద్ధం జరిగినప్పుడు ఖతార్, కువైట్, బహ్రెయిన్ తమ గగనతలాన్ని కొన్ని గంటలపాటు మూసేశాయి. ఛుట్టీకి వచ్చినవాళ్ల గుండెల్లో మళ్లీ అదే భయం. రాకపోకలు ఎప్పుడు ఎందుకు ఆగుతాయో ఎవరూ చెప్పలేరు. ఆగినప్పుడు ఏ గడువు ఎవరి చేతిలో ఉంటుందో ముందే తెలిసి ఉంటే సగం నష్టం తప్పుతుంది.

ఒక్క గడువు కాదు, ఐదు

"వీసా అయిపోతోంది" అని ఇంట్లో ఒకే మాట అంటాం. నిజానికి సౌదీలో పనిచేసే మనిషి మీద ఒకేసారి ఐదు గడువులు నడుస్తుంటాయి.

మొదటిది ఇఖామా. అక్కడ నివసించడానికి, పనిచేయడానికి ఉన్న కార్డు. దీన్ని రెన్యూవల్ చేయించే బాధ్యత యజమానిది. ఆలస్యమైతే మొదటిసారి 500 రియాళ్లు, రెండోసారి 1000 రియాళ్లు జరిమానా. మూడోసారి అయితే దేశం నుంచి పంపించేసే ప్రమాదం కూడా ఉంది.

రెండోది ఎగ్జిట్ రీఎంట్రీ. ఛుట్టీకి ఇంటికొచ్చి తిరిగి వెళ్లడానికి ఇచ్చే అనుమతి. ఒక్కసారి ప్రయాణానికి రెండు నెలల వరకు 200 రియాళ్లు, ఆపైన ప్రతి నెలకు 100 రియాళ్లు. ఇఖామాకు గడువు ఉన్నా ఇది అయిపోతే సౌదీ విమానం ఎక్కలేం.

మూడోది పాస్‌పోర్టు. దీన్ని చాలామంది లెక్కలోకే తీసుకోరు. గల్ఫ్ ప్రయాణానికి సాధారణంగా కనీసం 6 నెలల గడువు మిగిలి ఉండాలి. సౌదీ రాజు ఇఖామాను పొడిగించగలరు గానీ, మన భారత పాస్‌పోర్టును పొడిగించలేరు కదా. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చినప్పుడు మన పాస్‌పోర్టు ఆఫీసులు కూడా మూతపడ్డాయి.

నాలుగోది ఉద్యోగ ఒప్పందం. కంపెనీ పని తగ్గించుకుంటే, కఫీల్ మరో డ్రైవర్‌ను పెట్టుకుంటే, కార్డు మీద తేదీ ఉన్నా వెనక పని ఉండదు.

ఐదోది కుటుంబానిది. భార్యాపిల్లల ఇఖామా ఇంటి పెద్ద ఇఖామాకు కట్టి ఉంటుంది. ఆయనది ఆగితే అందరిదీ ఆగుతుంది. పైగా 2017 జులైలో నెలకు మనిషికి 100 రియాళ్లతో మొదలైన ఫ్యామిలీ ఫీజు 2020 జులై నాటికి 400 రియాళ్లకు చేరింది. భార్య, ముగ్గురు పిల్లలు ఉన్న ఇంటికి నెలకు 1600 రియాళ్లు. సరిగ్గా జీతాలు కోతపడిన రోజుల్లోనే ఈ భారం.

ఈ ఐదింటిలో రాజు ఆదేశం ముట్టుకున్నది ఇఖామా, ఎగ్జిట్ రీఎంట్రీ, విజిట్ వీసాల తేదీలను. మిగతావి ఎవరి మానాన అవి నడిచాయి.

సౌదీలో పొడిగింపు ఎలా నడిచింది?

2020 మార్చి 15న సౌదీ అంతర్జాతీయ విమానాలను ఆపేసింది. వారం తిరిగేసరికి మన దేశం కూడా విదేశీ విమానాలను నిలిపేసింది. మే 7న వందే భారత్ మిషన్ మొదలైంది, గల్ఫ్ నుంచి ప్రత్యేక విమానాలు రావడం ప్రారంభమైంది. రావడానికి దారి దొరికింది గానీ, తిరిగి వెళ్లే దారి అంత తొందరగా తెరుచుకోలేదు.

అప్పటికే సౌదీ ప్రభుత్వం 2020లో ఇఖామాలకు మూడు నెలల ఉచిత పొడిగింపు ప్రకటించింది. ఫైనల్ ఎగ్జిట్ కొట్టించుకుని విమానం లేక ఆగిపోయినవారి వీసాలను కూడా అక్టోబర్ 31 వరకు పొడిగించింది. దేశం విడిచి వెళ్లాలనుకునేవారి కోసం అబ్షర్‌లో 'ఔదా' పేరుతో దరఖాస్తు సౌకర్యం పెట్టింది.

అసలు కష్టం 2021లో వచ్చింది. ఫిబ్రవరి 3 నుంచి భారత్‌తో సహా 20 దేశాల నుంచి వచ్చేవారిని సౌదీ అడ్డుకుంది. ఆ నిషేధం మన వాళ్లకు దాదాపు పది నెలలు నడిచింది. మే 24 ఆదేశంతో గడువు జూన్ 2 వరకు పొడిగించారు. అంటే చేతికి వచ్చింది పది రోజులు కూడా కాదు. తర్వాత జులై 31 వరకు, ఆగస్టు 31 వరకు, సెప్టెంబర్ 30 వరకు, నవంబర్ 30 వరకు, 2022 జనవరి 31 వరకు, చివరగా మార్చి 31 వరకు. ఇలా విడతలు విడతలుగా వచ్చింది. ప్రతిసారీ గడువు దగ్గరపడటం, ఈసారి పొడిగిస్తారో లేదో అని ఇంటిల్లిపాది ఫోన్లు చూసుకోవడం.

ఈ పొడిగింపు కోసం జవాజాత్ ఆఫీసుకు వెళ్లాల్సిన పని లేదు. కంప్యూటర్‌లో దానంతట అదే జరుగుతుంది. కాబట్టి "డబ్బు కడితే మీ పేరు పొడిగింపు లిస్టులో పెట్టిస్తా" అని ఏ ఏజెంట్ అయినా చెబితే అది మోసమే. ఉచితంగా వచ్చే దానికి లిస్టు ఉండదు, సిఫారసు ఉండదు.

మరి ఎవరికి అందలేదు?

ఇక్కడే అసలు విషయం ఉంది. ఒక ఉదాహరణ చూద్దాం. కామారెడ్డి నుంచి వెళ్లిన ఒక హౌస్ డ్రైవర్ అనుకోండి. 2021 జనవరి 10న రెండు నెలల ఎగ్జిట్ రీఎంట్రీతో ఛుట్టీకి వచ్చాడు. ఫిబ్రవరి 3న దారి మూసుకుపోయింది. మార్చి 10 నాటికి ఆయన వీసా గడువు అయిపోతుంది. రాజు ఆదేశానికి ఇంకా రెండున్నర నెలల సమయం ఉంది. ఆలోగా ఆ గడువును కాపాడాల్సింది కఫీలే. నెలకు 100 రియాళ్లు కట్టి అబ్షర్‌లో పొడిగించాలి. ఇంటి యజమాని అయితే సొంత అబ్షర్ ఖాతా నుంచి, కంపెనీ అయితే ముఖీమ్ ద్వారా చేస్తుంది. డ్రైవర్ తనంతట తాను చేసుకోలేడు.

కఫీల్ మంచివాడైతే ఒక ఫోన్ చేస్తే పని అయిపోతుంది. "నాలుగు నెలలుగా బండి నడిపేవాడు లేడు, ఇంకొకడిని పెట్టుకున్నా" అన్నాడా, ఆ వంద రియాళ్లు ఎవరూ కట్టరు. అంతకంటే పెద్ద దెబ్బ ఏంటంటే, "వెళ్లాడు, తిరిగి రాలేదు" అని రికార్డు పడటం. అరబీలో దీన్నే 'ఖరజ వలమ్ యఉద్' అంటారు. అప్పటి నిబంధన ప్రకారం ఈ ముద్ర పడితే మూడేళ్ల దాకా మరో యజమాని వీసా మీద సౌదీలో అడుగుపెట్టే వీలు లేదు. పాత యజమాని కొత్త వీసా ఇస్తే మాత్రం వెళ్లొచ్చు. ఈ మూడేళ్ల నిషేధాన్ని 2024 జనవరిలో ఎత్తేశారు గానీ, 2021లో చిక్కుకున్నవాళ్లు ఆ మూడేళ్లలో చాలా భాగాన్ని ఇంటి దగ్గరే గడిపేశారు.

ఇంకో మెలిక కూడా ఉంది. 2022 మార్చి 31 వరకు ఇచ్చిన చివరి విడత పొడిగింపు అందరికీ వర్తించలేదు. సౌదీలోనే రెండు డోసుల టీకా తీసుకుని ఛుట్టీకి వచ్చినవారిని అందులో నుంచి మినహాయించారు. కారణం ఏంటంటే, వాళ్లకు 2021 ఆగస్టు 24 నుంచే నేరుగా తిరిగి రావడానికి అనుమతి ఇచ్చారు. దారి తెరిచాం కాబట్టి గడువు పొడిగించక్కర్లేదన్నది ప్రభుత్వం లెక్క. వార్త హెడ్డింగ్‌లో "మార్చి 31 దాకా పొడిగింపు" అని మాత్రమే చదివినవాళ్లకు ఈ మినహాయింపు కనపడలేదు.

అంటే ప్రతి పొడిగింపు ప్రకటనలో మూడు విషయాలు వెతకాలి. ఏ తేదీల మధ్య గడువు అయిపోయినవారికి? దేశం లోపల ఉన్నవారికా, బయట ఉన్నవారికా? ఎవరికి వర్తించదు? ఈ మూడూ తెలియకుండా వాట్సాప్ ఫార్వర్డ్ చూసి నిశ్చింతగా కూర్చోకూడదు.

మూడో దేశం దారి: గడువు మీద గడువు

నేరుగా వెళ్లలేనివారికి ఒక దారి మిగిలింది. నిషేధం లేని మరో దేశంలో 14 రోజులు ఉండి, అక్కడి నుంచి సౌదీకి వెళ్లడం. దుబాయ్, నేపాల్, మాల్దీవులు, బహ్రెయిన్... ఇలా ఎన్నో దారులు తొక్కారు. టికెట్లు, హోటల్, పరీక్షలు కలిపి ఖర్చు తడిసి మోపెడయ్యేది. నగలు కుదువపెట్టి, అప్పులు చేసి వెళ్లినవాళ్లు ఉన్నారు.

ఈ దారిలో ఇంకో గడువు మెడకు చుట్టుకుంటుంది. అదే ఆ మూడో దేశం విజిట్ వీసా. 2021 ఫిబ్రవరిలో సౌదీ నిషేధం పెట్టినప్పుడు ఆ 20 దేశాల జాబితాలో యూఏఈ కూడా ఉంది. అప్పటికే దుబాయ్‌లో 14 రోజులు పూర్తి చేస్తున్న మన వాళ్లు ఒక్కసారిగా ఇరుక్కుపోయారు. ముందుకు సౌదీ రానివ్వదు, అక్కడే ఉందామంటే విజిట్ వీసా అయిపోతోంది, చేతిలో డబ్బు లేదు. యూఏఈ మీదుగా సౌదీకి, కువైట్‌కు ప్రయాణం పెట్టుకోవద్దని అక్కడి భారత రాయబార కార్యాలయం చెప్పాల్సి వచ్చింది. ఏప్రిల్ చివర్లో నేపాల్ కూడా తన దేశం మీదుగా మూడో దేశానికి వెళ్లే భారతీయులకు దారి మూసేసింది.

దీని నుంచి నేర్చుకోవాల్సింది ఒక్కటే. మూడో దేశం మీదుగా వెళ్లేటప్పుడు 14 రోజులకు సరిపడా డబ్బు, 14 రోజులకు సరిపడా వీసా సరిపోవు. ఆ దేశం నుంచి వెనక్కి రావడానికి టికెట్ డబ్బు విడిగా ఉండాలి. సౌదీ ఎగ్జిట్ రీఎంట్రీలో కూడా ఆ 14 రోజులు పోను ఇంకో నెల మిగిలి ఉంటేనే బయల్దేరడం మంచిది.

టీకా కూడా గడువును తినేసింది. 2021 మేలో కోవిషీల్డ్ రెండు డోసుల మధ్య వ్యవధిని 12 నుంచి 16 వారాలకు పెంచారు. ఉద్యోగం కోసం విదేశాలకు వెళ్లేవాళ్లు 28 రోజుల తర్వాతే రెండో డోసు తీసుకోవచ్చని జూన్‌లో మినహాయింపు ఇచ్చారు. సర్టిఫికెట్‌లో పాస్‌పోర్టు నంబరు ఉండాలన్న నియమమూ వచ్చింది. ఈ సంగతి తెలియక ఆధార్ నంబరుతో సర్టిఫికెట్ పట్టుకుని కూర్చుంటే ప్రయాణం ఆగిపోయేది. చివరకు 2021 డిసెంబర్ 1 నుంచి భారత్ నుంచి నేరుగా వెళ్లడానికి సౌదీ అనుమతించింది. ఐదు రోజుల క్వారంటైన్ మాత్రం తప్పలేదు.

దుబాయ్‌లో: ఇచ్చిన గడువును వెనక్కి తీసుకున్నారు

సౌదీలో పొడిగింపు విడతలుగా వస్తే, యూఏఈలో కథ తిరగబడింది. 2020 మార్చి 1 తర్వాత గడువు అయిపోయిన రెసిడెన్సీ వీసాలు, ఎమిరేట్స్ ఐడీలు ఆ ఏడాది డిసెంబర్ చివరి వరకు చెల్లుతాయని ప్రకటించారు. "డిసెంబర్ దాకా ఉంది కదా" అని చాలామంది నింపాదిగా ఉన్నారు. కానీ జులైలో యూఏఈ క్యాబినెట్ ఆ నిర్ణయాన్ని రద్దు చేసింది. జులై 12 నుంచి రెన్యూవల్ ఫీజులు, దరఖాస్తులు మళ్లీ మొదలయ్యాయి. ఏ నెలలో గడువు ముగిసిందన్న దాన్ని బట్టి విడివిడిగా గడువులు ఇచ్చారు. విజిట్ వీసాల వాళ్లకు మొదట నెల రోజులు, తర్వాత ఇంకో నెల ఇచ్చారు. ఆ పైన ఉంటే రోజువారీ జరిమానా. అప్పట్లో రెసిడెన్సీ వీసాకు రోజుకు 25 దిర్హమ్‌లు. ఒక నెల ఆదమరిస్తే 750 దిర్హమ్‌లు అన్నమాట.

యూఏఈలో ఇంకో నియమం ఉంది. దేశం బయట వరుసగా 180 రోజులకు మించి ఉంటే రెసిడెన్సీ వీసా చెల్లకుండా పోతుంది. కార్డు మీద ఇంకా ఏడాది గడువు కనిపిస్తున్నా సరే. కరోనాలో దీనికి సడలింపులు ఇచ్చారు గానీ, సడలింపు అంటే నియమం పోయినట్టు కాదు. ఆగినట్టు మాత్రమే.

కువైట్‌లో: ఆరు నెలల లెక్క

కడప, అన్నమయ్య, గోదావరి జిల్లాల వాళ్లకు కువైట్ సంగతి బాగా తెలుసు. 2020 ఏప్రిల్‌లో కువైట్ అమ్నెస్టీ ప్రకటించింది. రెసిడెన్సీ లేకుండా ఉంటున్నవాళ్లు జరిమానా లేకుండా ప్రభుత్వ ఖర్చుతో ఇంటికి వెళ్లొచ్చు, కావాలంటే మళ్లీ సక్రమంగా తిరిగి రావొచ్చు అన్నారు. భారతీయులకు ఏప్రిల్ 16 నుంచి 20 వరకు తేదీలు ఇచ్చారు. పేర్లు రాయించుకున్నవాళ్లు షెల్టర్లలో చేరారు. కానీ ఆ సమయానికి మన దేశం విమానాలను రానివ్వడం లేదు. దాంతో అమ్నెస్టీ దొరికినా ఇల్లు దొరకలేదు. వారాల తరబడి, రంజాన్ నెల ఉపవాసాలు కూడా, ఆ షెల్టర్లలోనే గడిచాయి. ఒక దేశం ఇచ్చిన సౌకర్యం రెండో దేశం తలుపు తెరిస్తేనే అక్కరకు వస్తుందని అప్పుడు అర్థమైంది.

కువైట్‌లో మామూలు నియమం ప్రకారం ఆరు నెలలకు మించి బయట ఉంటే రెసిడెన్సీ రద్దవుతుంది. కరోనాలో దీన్ని పక్కన పెట్టారు. ఊళ్లో ఉంటూనే ఆన్‌లైన్‌లో రెన్యూవల్ చేయించుకున్నవాళ్లు ఉన్నారు. రెండేళ్లు గడిచేసరికి ఇక ఇదే పద్ధతి అని చాలామంది అలవాటుపడ్డారు. కానీ 2022లో ఆరు నెలల లెక్క మళ్లీ మొదలైంది. బయట ఉన్నవాళ్లు ఆ గడువులోపు తిరిగి రావాలన్నారు. రాకపోతే రెసిడెన్సీ రద్దు. కరోనా సౌకర్యం మొదలైన రోజు అందరికీ గుర్తుంది. ముగిసిన రోజు తెలియనివాళ్లే నష్టపోయారు.

విజిట్ వీసా మీద వెళ్లిన అమ్మీ, అబ్బా

కొడుకు దగ్గరకు విజిట్ వీసా మీద వెళ్లి అక్కడే చిక్కుకున్న తల్లిదండ్రులు, భర్త దగ్గరకు పిల్లలతో వెళ్లిన ఆడవాళ్లు కూడా ఎందరో. సౌదీలో ఫ్యామిలీ విజిట్ వీసాను పిలిపించుకున్న మనిషే తన అబ్షర్ నుంచి పొడిగించాలి. గడువుకు వారం ముందు నుంచి ఈ వీలు ఉంటుంది. వచ్చినవారి పేరు మీద మెడికల్ ఇన్సూరెన్స్ కూడా పొడిగించాలి. ఇన్సూరెన్స్ లేక అభ్యర్థన ఆగిపోవడం మామూలుగా జరిగే పొరపాటు. పైగా బీపీ, షుగర్ మందులు వాడే పెద్దవాళ్లను తీసుకెళ్లేటప్పుడు మూడు నెలలకు అని లెక్కేసి మందులు పెట్టుకుంటాం. విమానాలు ఆగితే ఆరు నెలలు కావచ్చు. డాక్టర్ చీటీ, మందుల అసలు పేర్లు ఫోన్‌లో ఉంచుకుంటే అక్కడ కొనుక్కోవడం సులువు.

మళ్లీ దారి మూసుకుంటే ఏం చేయాలి?

ఛుట్టీకి బయల్దేరే ముందే కొన్ని పనులు పూర్తి చేయాలి.

ఎగ్జిట్ రీఎంట్రీని ఛుట్టీ రోజులకు సరిగ్గా సరిపోయేంత కాకుండా, ఒకటి రెండు నెలలు ఎక్కువ తీసుకోండి. నెలకు 100 రియాళ్లు ఎక్కువ అనిపిస్తుంది గానీ, ఇంటికొచ్చాక కఫీల్‌ను బతిమాలే పరిస్థితి కంటే అది చవకే. ఇఖామా గడువు కూడా అప్పటిదాకా ఉందో లేదో చూసుకోవాలి. ఇఖామా లేకుండా ఎగ్జిట్ రీఎంట్రీ పెరగదు.

సౌదీ సిమ్‌ను బతికించి ఉంచండి. అబ్షర్ కోడ్ ఆ నంబరుకే వస్తుంది. ఊరికొచ్చాక రీఛార్జ్ లేక సిమ్ ఆగిపోతే సొంత ఖాతాను కూడా తెరవలేం. రోమింగ్ పెట్టించుకుని, నెలనెలా కొంచెం బ్యాలెన్స్ వేయించుకోవాలి.

కఫీల్ మాట మీద మాత్రమే ఆధారపడకండి. "అయిపోయింది, పొడిగించా" అన్నా, ముఖీమ్ వెబ్‌సైట్‌లో ఇఖామా నంబరు కొట్టి వీసా చెల్లుతుందో లేదో స్వయంగా చూసుకోవచ్చు. తేదీ కనపడేలా స్క్రీన్‌షాట్ తీసి ఇంట్లో ఇంకొకరి ఫోన్‌కు కూడా పంపండి.

పాస్‌పోర్టులో ఏడాది లోపు గడువు ఉంటే ఛుట్టీలోనే రెన్యూవల్ చేయించండి. కొత్త పాస్‌పోర్టు వచ్చాక ఆ నంబరును సౌదీ రికార్డులో మార్పించాలి. పాతదాన్ని పారేయకూడదు.

యజమానితో మాట్లాడిందంతా రాతలో ఉండాలి. "విమానాలు లేవు, నేను రావడానికి సిద్ధంగా ఉన్నాను, నా వీసా పొడిగించండి" అని వాట్సాప్‌లోనో, కంపెనీ మెయిల్‌కో పంపండి. తర్వాత రాలేదని కేసు పెట్టినా, జీతం బాకీ అడగాల్సి వచ్చినా ఆ మెసేజే సాక్ష్యం. ఖురాన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయత్ సూరా బఖరాలోనే ఉంది. అది నమాజు గురించో, రోజా గురించో కాదు. అప్పు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు రాసుకోమని, సాక్షులను పెట్టుకోమని చెప్పేది. కఫీల్‌తో పది నెలల జీతం విషయం నోటిమాట మీద వదిలేయడం ఆ బోధకు దూరంగా వెళ్లడమే.

ఉద్యోగం నిజంగానే పోతే, సర్వీస్ డబ్బు పోనట్టే. సౌదీ కార్మిక చట్టం ప్రకారం మొదటి ఐదేళ్లకు ఏడాదికి సగం నెల జీతం, ఆపైన ప్రతి ఏడాదికి పూర్తి నెల జీతం లెక్క. మనమే రాజీనామా చేస్తే ఇది తగ్గుతుంది. అందుకే "రాజీనామా అని సంతకం పెట్టి పంపు, ఫార్మాలిటీ" అంటే తొందరపడి పెట్టకండి. అక్కడ ఉన్న నమ్మకమైన మనిషి పేరు మీద పవర్ ఆఫ్ అటార్నీ ఇచ్చి, బాకీ కోసం ప్రయత్నించవచ్చు.

ఎవరిని అడగాలి?

సౌదీలో రియాద్‌లోని భారత రాయబార కార్యాలయం, జెద్దాలోని కాన్సులేట్. ఇంటి దగ్గర ఉన్న కుటుంబం విదేశాంగ శాఖ 'మదద్' పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయవచ్చు. నంబరు వస్తుంది, దాంతో విషయం ఎక్కడిదాకా వచ్చిందో చూసుకోవచ్చు. గడ్డుకాలంలో ఉన్న భారతీయులకు వసతి, టికెట్, న్యాయ సహాయం కోసం రాయబార కార్యాలయాల దగ్గర భారతీయ సమాజ సంక్షేమ నిధి ఉంటుంది. అడిగినవారికే దాని సంగతి తెలుస్తుంది, కాబట్టి అడగాలి. పాస్‌పోర్టు లేనివారికి ఇంటికి రావడానికి ఎమర్జెన్సీ సర్టిఫికెట్, అంటే మన వాళ్లు చెప్పే ఔట్‌పాస్, వాళ్లే ఇస్తారు. తెలంగాణ వాళ్లకు సచివాలయంలో ఎన్నారై విభాగం, ఆంధ్రప్రదేశ్ వాళ్లకు ఏపీఎన్ఆర్‌టీ సొసైటీ ఉన్నాయి.

ఫిర్యాదు చేసేటప్పుడు ఇఖామా కాపీ, పాస్‌పోర్టు కాపీ, వీసా పేజీ, కఫీల్ పేరు, ఫోన్ నంబరు, చివరి జీతం అందిన తేదీ తప్పకుండా ఉండాలి. ఇవన్నీ గల్ఫ్‌లో ఉన్న మనిషి పర్సులోనే ఉండి, ఇంట్లో ఆడవాళ్ల దగ్గర ఒక్క కాగితం కూడా లేకపోవడం మన ఇళ్లలో మామూలైపోయింది. ఆపద వచ్చినప్పుడు ఆఫీసుల చుట్టూ తిరిగేది వాళ్లే. అందుకని ఈ వారమే ఒక పని చేయండి. ఇంట్లో ఎవరైనా గల్ఫ్‌లో ఉంటే వాళ్లను అడిగి ఆ కాగితాలన్నింటి ఫోటోలు తెప్పించుకోండి. ఇఖామా, ఎగ్జిట్ రీఎంట్రీ, పాస్‌పోర్టు గడువులు మూడూ ఒక కాగితం మీద రాసి, క్యాలెండర్ పక్కన అతికించండి.